స్ట్రైకర్ కుర్రాణ్ని వింగ్‌కి మార్చారు: ఛేత్రి కెరీర్ తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి

వాసు_మారతహళ్లి
అందరికీ నమస్కారం. మా మేనల్లుడికి పదిహేనేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి 9వ నంబర్ జెర్సీయే, అంటే ముందు మధ్యలో ఆడే స్ట్రైకర్‌దే, వేసుకుంటున్నాడు. ఇక్కడ బెంగళూరులోనే ఒక ఫుట్‌బాల్ అకాడమీలో ఆడతాడు. ఈ సీజన్‌లో కోచ్ వాణ్ని సెంటర్ నుంచి తీసి ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున, పెట్టారు. వాడి చోట ఇంకో పొడుగాటి కుర్రాడు ఆడుతున్నాడు. అప్పటి నుంచి మావాడు సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. మా అక్క అకాడమీ మార్చేద్దామంటోంది. బావగారైతే అసలు ఆటే మాన్పించి పదో తరగతి మీద కూర్చోబెడదామంటున్నారు.

నేను టీవీలో మ్యాచ్‌లు చూస్తాను గానీ ఆట లోతు తెలియదు. స్ట్రైకర్‌గా మన దేశంలో బతుకుదెరువు ఉందా? భారత జట్టు మాజీ కెప్టెన్ సునీల్ ఛేత్రి తప్ప ఇంకో పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన కెరీర్‌ని దగ్గరగా చూసినవాళ్లు చెబితే వాడికి ఏదో ఒక మాట చెప్పగలుగుతాను.

వెస్ట్‌బ్లాక్_హరి
వాసు అన్నా, ముందు మీవాడికి ఒక విషయం చెప్పండి. బెంగళూరు ఎఫ్‌సీలో ఛేత్రి బాగా ఆడిన సీజన్లలో చాలావరకు ఆయన ఆడింది ఎడమ వింగ్‌లోనే. 2017-18లో క్లబ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి వచ్చినప్పుడు సెంటర్‌లో వెనిజులా ఆటగాడు మికు ఉండేవాడు. కోచ్ ఆల్బర్ట్ రోకా ఛేత్రిని ఎడమవైపు పెట్టాడు. అప్పటికే దేశానికి కెప్టెన్, ఈ నగరానికి అప్పటి దేశవాళీ పెద్ద లీగ్ ఐ-లీగ్ టైటిళ్లు రెండు తెచ్చిపెట్టినవాడు. ఆ సీజన్‌లో మికు 15 గోల్స్ కొడితే, వింగ్ నుంచి ఛేత్రి 14 కొట్టాడు. ఆ తర్వాతి సీజన్ 2018-19లో ఐఎస్ఎల్ కప్పు కూడా మనదే.

కెరీర్ మొత్తం తిప్పలే అన్నా. 2002లో మోహన్ బగాన్‌లో మొదలై జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో అంటూ తిరిగాడు. 2009లో ఇంగ్లండ్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ తీసుకుంటే, ఫిఫా ర్యాంకింగ్‌లో ఇండియా కింద ఉందని వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీకి వెళ్లాడు, అక్కడ లీగ్ మ్యాచ్‌లలో అవకాశమే రాలేదు. తిరిగొచ్చి చిరాగ్ యునైటెడ్, మళ్లీ మోహన్ బగాన్. తర్వాత పోర్చుగల్‌లో స్పోర్టింగ్ బి జట్టు, అక్కడా కొద్ది మ్యాచ్‌లే. చర్చిల్ బ్రదర్స్‌కి లోన్ మీద వచ్చి 2012-13 ఐ-లీగ్ గెలిచాడు. అప్పుడు 2013లో జేఎస్‌డబ్ల్యూ కంపెనీ వాళ్లు కొత్తగా పెట్టిన మన క్లబ్‌లో చేరాడు. అప్పటికి ఆయనకు దగ్గర దగ్గర ఇరవై తొమ్మిదేళ్లు. జనం ఇప్పుడు చెప్పుకునేదంతా దాదాపు ఆ తర్వాతి కథే.

మొదటి సీజన్ అశోక్‌నగర్‌లోని పాత ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడారు. చిన్న గ్రౌండ్, ప్లాస్టిక్ గడ్డి. ఆటగాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గర. మొదటి ఏడాదే ఐ-లీగ్ కొట్టారు.

లెక్కలు_ముఖ్యం
హరి గారు చెప్పినదాన్ని కాదనను. కానీ పిల్లలకు సగం కథే చెప్పొద్దు. 95 అంతర్జాతీయ గోల్స్ అంటాం, అందులో నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్ లాంటి జట్ల మీద కొట్టినవి చాలా ఉన్నాయి. ప్రపంచ కప్ క్వాలిఫయర్లలో మూడో రౌండ్ మనకు అందనే లేదు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0, ఆ మ్యాచ్‌తో ఆయన రిటైర్ అయ్యాడు. ఏడాది తిరక్కుండానే 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. నలభై ఏళ్లవాణ్ని వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే ఆయన గొప్పతనం ఎంతుందో, మన వ్యవస్థ ఎంత ఖాళీగా ఉందో కూడా అంతే తెలుస్తోంది.

ఇంకో లెక్క చూడండి. 2014లో ఐఎస్ఎల్ మొదలైన దగ్గర్నుంచి 2024-25 సీజన్ వరకు గోల్డెన్ బూట్, అంటే అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే బహుమతి, ఒక్క భారతీయుడికి కూడా రాలేదు. ఎలానో నుంచి కోరో, ఒగ్బెచె, డయమంటకోస్, అజారయీ దాకా అందరూ విదేశీయులే. క్లబ్బులు డబ్బు పెట్టి బయటి నుంచి తెచ్చుకునేది ముందుగా 9వ నంబర్‌నే. మొదట్లో ఆరుగురు విదేశీయుల్ని దింపే వీలుండేది, 2017-18కి ఐదుగురయ్యారు, 2021-22 నుంచి నలుగురు. సంఖ్య తగ్గినా సెంటర్ ఫార్వర్డ్ కుర్చీ మాత్రం మనవాళ్లకు ఖాళీ కావడం లేదు. మీ మేనల్లుణ్ని వింగ్‌కి మార్చిన కోచ్ ఇదంతా చూసే మార్చి ఉండొచ్చు.

శైలజ_జీకే
లెక్కలు గారూ, బలహీనమైన జట్ల మీద కొట్టాడన్న మాట ప్రతిసారీ వినిపిస్తుంది. 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ మీద, దక్షిణ కొరియా మీద గోల్స్ చేశాడు. 2019లో థాయ్‌లాండ్ మీద రెండు, మ్యాచ్ 4-1. అసలు 2011 ఆసియా కప్‌కి మనం వెళ్లిందే 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్థాన్ మీద ఆయన కొట్టిన హ్యాట్రిక్ వల్ల. 1984 తర్వాత అదే మొదటిసారి.

నేను కాలేజీలో గోల్‌కీపర్‌గా ఆడాను కాబట్టి ఆయన్ని వేరే కంటితో చూస్తాను. ఛేత్రి ఎత్తు ఐదడుగుల ఏడంగుళాల దగ్గర. అయినా తలతో అన్ని గోల్స్ ఎలా చేస్తాడు? క్రాస్ రాకముందు ఆయన ఎక్కడ నిలబడతాడో గమనించండి. డిఫెండర్ భుజం వెనకాల, డిఫెండర్‌కి బంతినీ ఆయన్నీ ఒకేసారి చూడటానికి వీలుకాని చోట. వింగర్ తల ఎత్తి బంతి కొట్టబోతున్నాడనగా రెండు చిన్న అడుగులు వెనక్కో పక్కకో వేస్తాడు, డిఫెండర్ అటు లాగబడతాడు. అప్పుడు ఒక్కసారిగా ముందుకు దూరతాడు. కీపర్‌గా నాకు తెలిసి అన్నిటికంటే కష్టం అదే. బయటికి రావాలా, లైన్ మీదే ఉండాలా అని తేల్చుకునేలోపు బంతి వెనక వలలో ఉంటుంది.

2025 ఏప్రిల్ 6న గోవాలో ఐఎస్ఎల్ సెమీస్ రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది) గుర్తుందా? మొదటి లెగ్‌లో మన బెంగళూరు 2-0 ముందుంది, అక్కడ గోవా వాళ్లు రెండు కొట్టి సమం చేశారు. ఇంజరీ టైమ్‌లో నామ్‌గ్యాల్ భూటియా కుడి నుంచి క్రాస్ వేస్తే, నలభై ఏళ్ల మనిషి తలతో కొట్టి ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఆ వయసులో పరుగు వేగం ఇరవై ఏళ్లవాళ్లకు సరిపోదు. ఎక్కడ నిలబడాలో తెలిసిన బుర్ర మాత్రం పదునెక్కుతూ పోతుంది.

బొల్లారం_మామయ్య
పిల్లలూ, ఇక్కడ మా అమ్మాయి దగ్గర ఉంటూ మీరు రాసేవన్నీ చదువుతుంటాను. ఒక్క మాట కలుపుతాను. ఛేత్రి పుట్టింది మా సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. తండ్రి సైన్యంలో ఈఎంఈ విభాగంలో పనిచేశారు, ఆయనా ఆటగాడే. తల్లి నేపాల్ మహిళల జట్టుకు ఆడారు. తండ్రి బదిలీల మీద కుటుంబం వెళ్లిపోయింది కాబట్టి మావాడని గట్టిగా చెప్పుకోలేం గానీ, ఆ నేలకి ఫార్వర్డ్‌లు కొత్త కాదు.

తులసీదాస్ బలరామ్ మా పక్కనే అమ్ముగూడలో పుట్టారు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడారు. రోమ్‌లో హంగేరీ మీద మన ఒక్క గోల్ ఆయనదే, పెరూ మీద మన గోల్ కూడా ఆయనదే. చూనీ గోస్వామి, పీకే బెనర్జీతో కలిపి ఆ ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేవాళ్లు. ఆరోగ్యం దెబ్బతిని ముప్పై రాకముందే ఆట వదిలేశారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. ఆయన పోయినప్పుడు మన తెలుగు పత్రికల్లో ఇంకా పెద్దగా రాయాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చోటు మార్చడం గురించి మాట్లాడుతున్నారు కదా. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్. జర్నైల్ సింగ్ అంటే వెనకాల గోడలా నిలబడే డిఫెండర్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని సెమీస్‌లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. రెండింట్లోనూ గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. పదిహేనేళ్ల కుర్రాడు వింగ్‌కి మారితే ఇంట్లో అంత దిగులెందుకు నాయనా?

వాసు_మారతహళ్లి
మామయ్య గారూ, ఈ జర్నైల్ సింగ్ సంగతి నేను మొదటిసారి వింటున్నాను. చాలా థ్యాంక్సండీ. బలరామ్ గారి గురించి ఇవాళే మావాడికి చెబుతాను.

శైలజ గారూ, మీరు రాసిన ఆ రెండు అడుగుల సంగతి టీవీలో చూస్తే తెలుస్తుందా?

శైలజ_జీకే
టీవీలో కష్టం వాసు గారూ. కెమెరా బంతి వెనకే తిరుగుతుంది. స్టేడియంకి తీసుకెళ్లండి. కంఠీరవ స్టేడియంలో చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండటం వల్ల మైదానం కాస్త దూరంగా అనిపిస్తుంది, కానీ మొత్తం కనిపిస్తుంది. కబ్బన్ పార్క్ మెట్రోలో దిగి నడిచి వెళ్లొచ్చు. పైవరసల్లో కూర్చోబెట్టి, ఒక సగమంతా బంతిని వదిలేసి స్ట్రైకర్‌నే చూడమనండి. బంతి ముట్టుకోకుండా ఎంతసేపు నడుస్తాడో, ఎప్పుడు ఉరుకుతాడో వాడికే అర్థమవుతుంది.

కర్నూలు_కిరణ్
2023 మార్చి 3, కంఠీరవ. ప్లేఆఫ్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద ఎక్స్‌ట్రా టైమ్. ఫ్రీకిక్ వచ్చింది, వాళ్లు గోడ కట్టుకుంటున్నారు, కీపర్ ఇంకా పొజిషన్‌లో లేడు. ఛేత్రి టక్కున కొట్టేశాడు, గోల్. బ్లాస్టర్స్ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. మా ఆఫీసులో మలయాళీ స్నేహితులతో ఈ గొడవ ఇప్పటికీ తేలలేదు. నా దృష్టిలో రిఫరీ విజిల్ కోసం ఆగండి అని చెప్పనంతవరకు అది సరైన గోలే. స్ట్రైకర్ అనేవాడు అవతలివాళ్లు ఏమరుపాటుగా ఉన్న క్షణం కోసమే కాచుకుని ఉండాలి.

లెక్కలు_ముఖ్యం
కిరణ్ గారూ, దాని మీద వేరే థ్రెడ్ పెట్టుకుందాం, లేకపోతే ఇక్కడ వాసు గారి ప్రశ్న కొట్టుకుపోతుంది.

శైలజ గారూ, కొరియా, బహ్రెయిన్, థాయ్‌లాండ్ ఒప్పుకుంటాను. 2017లో ఇదే కంఠీరవలో కిర్గిజ్‌స్థాన్ మీద కొట్టింది కూడా మీ లెక్కలో వేసుకోండి, ఆ మ్యాచ్‌కి నేను ఉన్నాను. 0-0గా సాగుతోంది, జనం నీరసపడుతున్నారు. ఛేత్రి బంతి తీసుకుని ఒంటరిగా ముందుకు వచ్చి, తోటి ఫార్వర్డ్ జేజేకి ఇచ్చి ఆగకుండా బాక్స్‌లోకి పరిగెత్తాడు. జేజే డిఫెండర్ల తల మీదుగా లేపి ఇచ్చాడు, అందుకుని కొట్టేశాడు. 1-0. ఆసియా కప్ 2019 దారిలో పెద్ద మెట్టు అది. పక్కన ఎవరున్నారో తెలియకుండా కౌగిలించుకున్నాను.

నా బాధ ఆయన మీద కాదండీ. 2018 జూన్‌లో ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టిన రోజు స్టేడియంలో ఉన్నది 2,569 మంది. మర్నాడు వీడియో పెట్టి, మమ్మల్ని తిట్టడానికైనా రండి అని బతిమాలుకున్నాడు. తర్వాత కెన్యాతో తన వందో మ్యాచ్‌కి టికెట్లు అయిపోయాయి. ఆ వీడియో అవసరం కెప్టెన్‌కి రాకూడదు. ఇక 2025 అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్‌కి దూరమయ్యాం. ఇన్నేళ్లు ఒక్క మనిషి మీద ఆధారపడి, పక్కన ఇంకొకణ్ని తయారుచేసుకోలేదు.

ఫస్ట్‌టచ్_సుధీర్
నేను హలసూరు వైపు శని, ఆదివారాలు పిల్లలకు ఆట నేర్పిస్తాను. దగ్గర్లోనే గౌతంపుర, అక్కడ పీలే విగ్రహం ఉంది, మినీ బ్రెజిల్ అని పిలుస్తారు. ఆ సందుల్లో పిల్లలకు 9, 11 అన్న తేడా లేదు. జాగా చిన్నది, అందరూ అన్నీ ఆడతారు. పెద్ద అకాడమీలకు వెళ్లాకే "నేను స్ట్రైకర్‌ని" అన్న పట్టింపు మొదలవుతుంది.

వాసు గారూ, మీవాడు కుడికాలివాడా? అయితే ఎడమ వింగ్‌లో పెట్టడం వెనక ఆలోచన ఉన్నట్టే. అక్కడి నుంచి లోపలికి మళ్లితే బలమైన కాలికి బంతి వస్తుంది, దూరపు పోస్ట్ వైపు తిప్పి కొట్టొచ్చు. ఛేత్రి గోల్స్‌లో అలాంటివి బోలెడు. పదిహేనేళ్లకు పొడుగ్గా ఉన్న కుర్రాడు సెంటర్‌లో గోల్స్ కొట్టడం మామూలే, ఎత్తు పనిచేస్తుంది. పద్దెనిమిది వచ్చేసరికి మిగతావాళ్లూ ఎదుగుతారు, అప్పుడు పొడుగుతో పాటు ఇంకేం ఉందో చూస్తారు. మీవాడికి ఇప్పుడే వెనక్కి పరిగెత్తి డిఫెండ్ చేయడం, తల ఎత్తి చూసి పాస్ ఇవ్వడం వచ్చాయనుకోండి, రేపు వాణ్ని ముందు వరసలో మూడు చోట్ల ఆడించుకోవచ్చు. కోచ్‌లకు అలాంటివాడే కావాలి.

అకాడమీ మార్చే ముందు కోచ్‌తో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఎందుకు మార్చారు, ఎంతకాలం, ఏం నేర్చుకోవాలని చూస్తున్నారు, ఈ మూడూ అడగండి. ఆయన దగ్గర జవాబు లేకపోతే అప్పుడు మార్చండి, తప్పులేదు. మా దగ్గర ఒక అబ్బాయిని తల్లిదండ్రులు ఏటా కొత్త అకాడమీకి తిప్పారు. బాగా ఆడేవాడు. ఏ జట్టులోనూ కుదురుకోక చివరికి మానేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వాసు_మారతహళ్లి
అవును సుధీర్ గారూ, కుడికాలే. కోచ్‌ని ఈ వారమే కలుస్తాను.

ఇంకో రెండు ప్రశ్నలు. ఛేత్రి మాంసం మానేశాడని విని మావాడు కూడా గుడ్డు, చికెన్ వద్దంటున్నాడు. అది మంచిదేనా? రెండోది బావగారి ప్రశ్న. ఐఎస్ఎల్ దాకా వెళ్లకపోతే వీడి గతేంటి?

శైలజ_జీకే
తిండి విషయంలో తొందరపడనివ్వకండి. ఛేత్రి ఆ మార్పు చేసింది ముప్పై దాటాక, పక్కన క్లబ్ నిపుణులు ఉండగా. మీవాడు ఎదిగే వయసులో ఉన్నాడు, పైగా దిగులుతో సరిగ్గా తినడం లేదంటున్నారు. మానేయాలనే ఉంటే పిల్లల డాక్టర్‌నో న్యూట్రిషనిస్ట్‌నో అడిగాకే. ఛేత్రి దగ్గర నేర్చుకోవాల్సింది వేళకి పడుకోవడం, తీపి తగ్గించడం, ప్రాక్టీస్ అయిపోయాక కూడా ఉండి షాట్లు కొట్టడం. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెస్ట్‌బ్లాక్_హరి
బావగారి ప్రశ్న న్యాయమైనదే. 2025లో లీగ్ హక్కుల ఒప్పందం తేలక సీజనే సమయానికి మొదలవలేదు, కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. పెద్ద లీగ్‌లో ఉన్నవాళ్లకే టెన్షన్ తప్పలేదు. కాబట్టి చదువు ఆపకూడదు, ఆ మాట గట్టిగానే చెప్పండి.

కానీ దారి ఒక్కటే ఉందనుకోవద్దు. బెంగళూరులో జిల్లా లీగ్‌లో డివిజన్లున్నాయి, పైన సూపర్ డివిజన్ ఉంది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయ మీద 3-2తో కర్ణాటక గెలిచింది, 54 ఏళ్ల తర్వాత. తర్వాతి ఏడాది సర్వీసెస్ గెలిచింది, అంటే సైన్యంలో ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లు. 2024 డిసెంబర్ 31న మన హైదరాబాద్‌లోనే జరిగిన ఫైనల్లో బెంగాల్‌కి కప్పు తెచ్చిన గోల్ రాబీ హన్స్‌దాది. టోర్నీలో 12 గోల్స్ కొట్టాడు. ఆ జట్టువాళ్లకు వాళ్ల ప్రభుత్వం పోలీస్ ఉద్యోగాలు ఇచ్చింది. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, రైల్వేలు, సర్వీసెస్, ఇవన్నీ కూడా స్ట్రైకర్ బతుకుదెరువే.

లెక్కలు_ముఖ్యం
దీనికి నేను కూడా ఓటేస్తాను. ఒక్కటి కలపండి హరి గారూ. 2022-23లో మన బెంగళూరు ఎఫ్‌సీ కోచ్ ఛేత్రిని చాలా మ్యాచ్‌లకు బెంచ్ మీద కూర్చోబెట్టాడు. అప్పుడు చాలామంది ఇక అయిపోయిందన్నారు, నేను కూడా రాశాను ఇక్కడే. పైన కిరణ్ గారు చెప్పిన ఫ్రీకిక్ ఆ సీజన్‌దే. ఆ జూన్‌లో కంఠీరవలో శాఫ్ (దక్షిణాసియా దేశాల) పోటీల మొదటి మ్యాచ్‌లోనే పాకిస్థాన్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. 2024 డిసెంబర్ 7న బ్లాస్టర్స్ మీద 4-2 మ్యాచ్‌లో మరో హ్యాట్రిక్, ఐఎస్ఎల్‌లో అంత పెద్ద వయసులో ఎవరూ చేయలేదు. ఆ సీజన్ మొత్తానికి మళ్లీ 14 గోల్స్, భారతీయుల్లో అందరికంటే ఎక్కువ. పదిహేనేళ్లవాడికి చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఫస్ట్‌టచ్_సుధీర్
వాసు గారూ, ఇంటి దగ్గర చేయడానికి ఒక చిన్న పని చెబుతాను. గోడ ఉంటే చాలు. బంతిని గోడకి కొట్టి, తిరిగొచ్చేలోపు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడాలి. వెనకాల మీరు నిలబడి చేత్తో వేళ్లు చూపించండి, ఎన్ని వేళ్లో చెబుతూ బంతిని ఆపాలి. మొదట్లో బంతి జారిపోతుంది, పర్వాలేదు. కుడికాలితో కుదిరాక ఎడమకాలితో చేయించండి. వింగ్‌లో ఆడేవాడికైనా సెంటర్‌లో ఆడేవాడికైనా వెనకాల ఎవరున్నారో తెలియడమే సగం ఆట. కోచ్‌ని కలిశాక ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.